ఫత్‌హుల్ బారీ రచనలో నడిమి సంవత్సరాలు

ఇమామ్ బుఖారీ (రహ్మ) గారి 'సహీహ్'కు తగిన వ్యాఖ్యానం వ్రాయటం ముస్లిం సముదాయం నెత్తిన మిగిలి ఉన్న ఒక ఋణమని తమ గురువులలో పలువురు అంటూండగా విన్నట్లు ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దమా'లో పేర్కొన్నారు. ఆయన ఈ మాట వ్రాసేనాటికి ఇమామ్ బుఖారీ (హి. 194-256) పరమపదించి అయిదు వందల సంవత్సరాలు దాటాయి. ఆ అయిదు శతాబ్దాలలో వ్యాఖ్యానాలు రాలేదని కాదు. ఖత్తాబీ వ్రాశారు, అందులస్‌లో ఇబ్నె బత్తాల్ వ్రాశారు, కిర్మానీ మక్కాలో కూర్చుని పూర్తి చేశారు. అయినా పండితలోకం ఆ ఋణం తీరిందని అనుకోలేదు. హదీసు, దాని పరంపర, దానినుండి తీయవలసిన ధర్మసూత్రం, శీర్షికకూ హదీసుకూ మధ్య ఇమామ్ గారు దాచిపెట్టిన సంబంధం - ఇవన్నీ ఒకే చోట, మొదటి పుటనుండి చివరి పుటదాకా ఒకే తూకంతో చెప్పిన గ్రంథం లేదని వారి బాధ.

ఋణం తీర్చటానికి పూనుకున్న వారి చరిత్ర చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ప్రారంభించిన వారికి కొదువ లేదు. ఇమామ్ నవవీ (రహ్మ) ప్రారంభించి 'కితాబుల్ ఈమాన్' దాకా వ్రాశారు. నలభై అయిదేళ్ళ వయస్సులోనే, హి. 676లో, మృత్యువు ఆయనను తీసుకుపోయింది. ఇబ్నె రజబ్ హంబలీ (మరణం హి. 795) ఎంతో లోతైన వ్యాఖ్యానానికి పూనుకుని 'కితాబుల్ జనాయిజ్' దగ్గర ఆగిపోయారు. ఆ అసంపూర్ణ గ్రంథం పేరు కూడా 'ఫత్‌హుల్ బారీ'యే. 'ఖామూస్' నిఘంటుకర్త ఫీరోజాబాదీ యమన్‌లోని జబీద్‌లో ఉండగా మరొకటి మొదలుపెట్టారు. ఆరాధనల భాగం, అంటే మొత్తంలో నాల్గవ వంతు, ముగిసేసరికే అది ఇరవై సంపుటాలయింది! ఆ లెక్కన అది ఎన్నటికి పూర్తి కావాలి? కాలేదు. ఇబ్నె హజర్ ఆ ప్రతిని చూశారు. అప్పటికే దానిని పురుగులు తినివేశాయని ఆయన వ్రాశారు.

వీరందరికన్నా ఆలోచింపజేసే ఉదాహరణ ఇబ్నుల్ ములఖ్ఖిన్ (మరణం హి. 804) గారిది. ఆయన గ్రంథాన్ని పూర్తి చేశారు. కాని ఆయన శిష్యుడైన ఇబ్నె హజరే ఆ వ్యాఖ్యానాన్ని గురించి ఒక నిష్పాక్షికమైన మాట అన్నారు: దాని మొదటి భాగాలలో ఉన్న పటిష్ఠత చివరి భాగాలలో లేదు, రెండవ సగంలో ప్రయోజనం స్వల్పం. అంటే, మృత్యువు ఆపకపోయినా అలసట ఆపగలదు. మనిషి వ్రాస్తూనే ఉంటాడు, పుటలు నిండుతూనే ఉంటాయి, కాని సగం దారిలో గ్రంథంలోని ప్రాణం పోతుంది. గురువు గారి గ్రంథంలో ఈ లోపాన్ని గుర్తించిన శిష్యుడు దానిని మరచిపోలేదు.

హాఫిజ్ షహాబుద్దీన్ అహ్మద్ ఇబ్నె అలీ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) హి. 773 (క్రీ.శ. 1372)లో ఈజిప్టులో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. ఖర్రూబీ అనే సంపన్న వర్తకుడు ఆయన సంరక్షణ వహించారు. తొమ్మిదేళ్ళకు ఖుర్ఆన్ కంఠస్థం, పన్నెండేళ్ళకు మక్కాలో తరావీహ్ నమాజుకు నాయకత్వం - ఇవి ఆయన జీవితచరిత్ర తెలిసినవారందరికీ తెలిసిన సంగతులే. తరువాత జైనుద్దీన్ ఇరాఖీ సన్నిధిలో పది సంవత్సరాలు హదీసు విద్య. ఆయన మేధస్సును గురించి, వేగాన్ని గురించి ఎన్నో కథనాలున్నాయి. దమిష్క్ ప్రయాణంలో తబ్రానీ గారి 'అల్ ముఅజముస్సగీర్'ను జొహర్, అస్ర్ నమాజుల మధ్య ఒకే బైఠకులో చదివివేశారట. పది బైఠకులలో 'సహీహ్ బుఖారీ' పూర్తి చేశారట. మన మదర్సాలలో విద్యార్థులకు ఇటువంటి కథలు చెప్పటం పరిపాటి. వినటానికి అవి బాగుంటాయి. కాని ఒక పూటలో గ్రంథం చదివివేసే శక్తి వేరు, ఒకే గ్రంథంతో పాతికేళ్ళు కాపురం చేయటం వేరు. మొదటిది అల్లాహ్ కొందరికి పుట్టుకతో ప్రసాదిస్తాడు. రెండవదానికి ఏం కావాలో తెలియాలంటే ఇబ్నె హజర్ గారి నలభై నాలుగవ ఏట నుండి అరవై తొమ్మిదవ ఏట దాకా గడిచిన కాలాన్ని చూడాలి.

కోత

ఆయన పని నేరుగా వ్యాఖ్యానంతో మొదలు కాలేదు. ముప్పై ఏళ్ళ ప్రాయంలోనే, 'సహీహ్'లో పూర్తి పరంపర లేకుండా వచ్చిన ఉల్లేఖనాలకు పరంపరలు వెదకి కూర్చిన 'తగ్లీఖుత్ తఅలీఖ్'ను సిద్ధం చేసుకున్నారు. హి. 813లో వ్యాఖ్యానానికి పీఠిక ముగించారు. 'హద్‌యుస్సారీ' అనే ఈ పీఠికే ఒక బృహత్ గ్రంథం. 'సహీహ్'పైన, అందలి ఉల్లేఖకులపైన పూర్వులు చేసిన విమర్శలకు అందులో సమాధానాలున్నాయి. అటు తర్వాత అసలు వ్యాఖ్యానం విపులంగా వ్రాయటం మొదలుపెట్టారు. కొంత భాగం వ్రాశారు కూడా.

అప్పుడాయన ఆగిపోయారు. కారణం ఆయనే చెప్పుకున్నారు. ఇంత విస్తృతంగా వ్రాస్తూ పోతే మధ్యలో ఏదో ఒక ఆటంకం వచ్చి గ్రంథం పూర్తికాకుండా పోతుందేమోనని భయం కలిగింది. వ్రాసినదానిని ప్రక్కకు పెట్టి మధ్యస్థ పరిమాణంలో మరో వ్యాఖ్యానం ఆరంభించారు. హి. 817 (క్రీ.శ. 1414)లో ఆరంభమైన ఆ 'మధ్యస్థ' వ్యాఖ్యానమే నేడు పదమూడు పెద్ద సంపుటాలుగా మనముందున్న 'ఫత్‌హుల్ బారీ'!

పండితులకు తమ సొంత వ్రాతను తగ్గించుకోవటం కన్నా కష్టమైన పని లేదు. కలంలో ఉన్నదంతా కాగితం మీదికి రావాలని మనసు కొట్టుకుంటుంది. అప్పటికి ఇబ్నె హజర్ వద్ద ఉన్న సామగ్రికి ఫీరోజాబాదీ గారి ఇరవై సంపుటాలు ఒక లెక్క కాదు. కాని ఆయన చూసింది మొదటి సంపుటం ఎంత బరువుగా ఉండాలని కాదు. ఆఖరి సంపుటం వ్రాసేనాటికి ఇదే బరువు మోయగలమా అని. ఫీరోజాబాదీ జబీద్‌లో మరణించింది కూడా సరిగ్గా ఆ సంవత్సరమే - హి. 817లోనే.

ఇదే వివేకం మరొక సందర్భంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆయన సమకాలికుడు, హనఫీ ఖాజీ బద్రుద్దీన్ ఐనీ (రహ్మ) హి. 820లో 'సహీహ్'పై మరో వ్యాఖ్యానం ప్రారంభించారు. అదే సుప్రసిద్ధమైన 'ఉమ్దతుల్ ఖారీ'. దాని మొదటి భాగాలలో ప్రతి హదీసు క్రింద అలంకారశాస్త్ర విశేషాలు ప్రత్యేకంగా వివరించబడ్డాయి. ఈ విషయంలో ఐనీ గారిది మీకన్నా పైచేయి కదా అని ఎవరో ఇబ్నె హజర్‌తో అన్నారు. ఆయన తడుముకోకుండా జవాబిచ్చారు: ఆ భాగం రుక్నుద్దీన్ అనే పండితుని వ్యాఖ్యానం నుండి తీసుకున్నది. ఆ గ్రంథం ఐనీ గారికన్నా ముందే తమ చేతికి వచ్చింది. అయితే అది కొంత భాగమే వ్రాయబడి ఆగిపోయింది. దాని ఆసరాతో మొదలుపెడితే అది అయిపోయిన తరువాత అదే ధోరణి సాగించటానికి తాము అలసిపోవలసి వస్తుందని దానిని ముట్టుకోలేదు. నిజంగానే ఆ భాగం దాటిన తరువాత ఐనీ గారి గ్రంథంలో ఆ చర్చ మరి కనబడదని ఆయన ఎత్తిచూపారు. ఎత్తిపొడుపు సంగతి అటుంచితే, మొదట్లో సులభంగా దొరికిన అలంకారాన్ని చివరిదాకా ధరించలేమని ముందే లెక్కగట్టి వదులుకున్న మనిషిని ఇక్కడ మనం చూస్తాం.

వీరిద్దరి పోటీ కైరో నగరంలో అందరికీ తెలిసిందే. జువైలా ద్వారం దగ్గర సుల్తాన్ ముఅయ్యద్ కట్టించిన మస్జిదు మీనారు ఒరిగిపోయి కూల్చవలసి వచ్చినప్పుడు, 'దిష్టి తగిలింది' అనే అర్థంలో 'ఐన్' అనే పదంతో ఒకరు, 'తప్పు రాయిది' అనే అర్థంలో 'హజర్' అనే పదంతో మరొకరు పరస్పరం చమత్కార పద్యాలు విసురుకున్నారు. అయినా ఐనీ గారు తమ వ్యాఖ్యానం వ్రాస్తూ ఇబ్నె హజర్ శిష్యుడైన బుర్హానుద్దీన్ ఇబ్నె ఖిజర్ దగ్గర 'ఫత్‌హుల్ బారీ' భాగాలను ఎరవు తెచ్చుకుని చూసేవారు. అది ఇబ్నె హజర్ గారి అనుమతితోనే జరిగింది. వ్రాస్తున్న గ్రంథాన్ని, అది పూర్తికాకముందే, ప్రతిస్పర్ధి చేతికి పోనిచ్చిన వారు చరిత్రలో ఎందరుంటారు?

వారానికొక రోజు

మొదట ఆయన వ్యాఖ్యానాన్ని శిష్యులకు చెప్పి వ్రాయించేవారు. తరువాత స్వయంగా కొద్దికొద్దిగా వ్రాయసాగారు. సుమారు అయిదేళ్ళు గడిచేసరికి గ్రంథంలో నాల్గవ వంతు తయారయింది. అప్పటినుండి పద్ధతి మారింది. నైపుణ్యం గల కొందరు విద్యార్థులు ఆయన చుట్టూ చేరారు. ఆయన ఒక కాగితాల కట్ట (కుర్రాసా) వ్రాసి ఇచ్చేవారు. దానికి వారందరూ తలా ఒక ప్రతి వ్రాసుకునేవారు. వారంలో ఒక రోజు అందరూ సమావేశమయ్యేవారు. ఒకరు చదివేవారు, మరొకరు తన ప్రతితో పోల్చి సరిచూసేవారు. ప్రశ్నలు వచ్చేవి, వాదం జరిగేది, దిద్దుబాట్లు పడేవి. చదివే బాధ్యత ఇబ్నె ఖిజర్‌ది. ఈ విధంగా ఒక సంపుటం ముగిసిందంటే దాని సరిచూపు కూడా ముగిసిందన్నమాటే. చిత్తుప్రతికీ సాపుప్రతికీ మధ్య ఏళ్ళ తరబడి ఎడం లేదు.

ఈ ఏర్పాటు వలన పని మందగించిందని ఇబ్నె హజర్ దాచుకోకుండా చెప్పారు. లెక్క చూస్తే అది నిజమే. మొదటి నాల్గవ వంతుకు అయిదేళ్ళు పట్టింది. అదే నడకన మిగతా మూడు వంతులకు పదిహేనేళ్ళు చాలాలి. పట్టింది ఇరవై. అదనంగా పోయిన అయిదేళ్ళు వృథా పోయాయా? పోలేదనే చెప్పాలి. ఒంటరిగా వ్రాసేవాడు ఒక వారం కలం ముట్టకపోతే అడిగేవాడుండడు. రెండు వారాలు ముట్టకపోతే తనకు తానే ఏదో సాకు చెప్పుకుంటాడు. ఇక్కడ వారం తిరిగేసరికి తమ తమ కాగితాలు పట్టుకుని శిష్యులు కూర్చుని ఉంటారు. వారికి ఇవ్వటానికి ఒక కట్ట ఉండాలి. పెద్దదో చిన్నదో, ఉండాలి.

గ్రంథంలోనే మరొక అలవాటు కనిపిస్తుంది. ప్రతి 'కితాబ్' చివర ఆయన లెక్క తేల్చి వ్రాస్తారు: ఇందులో దైవప్రవక్త (స) వరకు చేరే హదీసులెన్ని, వాటిలో పునరుక్తమైనవెన్ని, పరంపర లేకుండా వచ్చినవెన్ని, సహాబాల, తాబయీల మాటలెన్ని అని. 'కితాబుల్ ఈమాన్' వరకు, దైవవాణి ఆరంభానికి సంబంధించిన అధ్యాయంతో కలిపి, పునరుక్తులతో 81 హదీసులని మొదటి లెక్క. చదువరికి ఇది పాండిత్య విషయంగా కనిపించవచ్చు. వ్రాసేవాని వైపు నుండి చూస్తే ఇది బాటసారి మైలురాయి దగ్గర ఆగి వెనక్కి చూసుకోవటం. 'సహీహ్'లో 97 కితాబులున్నాయి. ఆయన గణన ప్రకారమే పునరుక్తులతో కలిపి 7,397 హదీసులున్నాయి. ఆ మొత్తాన్ని రోజూ తలచుకుంటే ఎంతటివాడికైనా చేయి ఆడదు. ఈమాన్, జ్ఞానం, నమాజు అధ్యాయాలలో ఉత్సాహం తనంతట తానే వస్తుంది. చివర తౌహీద్ అధ్యాయంలో గమ్యం కనబడుతూ ఉంటుంది. నడుమ క్రయవిక్రయాలు, కిరాయి, జామీను, వకాలతు, కౌలు సేద్యం, నీటి హక్కులు - ఇవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ భాగాలలో కూడా ఇబ్నె హజర్ కలం అదే శ్రద్ధతో నడిచింది. ముందు చెప్పినదానిని వెనుక, వెనుక చెప్పబోయేదానిని ముందు సూచిస్తూ ఆయన చేసుకున్న వాగ్దానాలు గ్రంథమంతటా ఉన్నాయి. "ఈ చర్చ ఫలానా కితాబులో వస్తుంది" అని పదేళ్ళ ముందు వ్రాసినవాడు పదేళ్ళ తర్వాత అక్కడికి చేరి ఆ చర్చ చేయవలసి ఉంటుంది.

ఆ ఇల్లు

ఈ పాతికేళ్ళూ ఆయన గ్రంథరచన ఒక్కటే చేసి ఉంటే ఇందులో చెప్పుకోవలసింది కొంత తగ్గేది. ఆయన అనేక మదర్సాలలో హదీసు, ఫిఖహ్, తఫ్సీర్ బోధించారు. బైబర్సియా ఖాన్‌ఖాహ్‌కు పెద్దగా ఉన్నారు. అజ్‌హర్‌లోను, అమ్ర్ జామె మస్జిదులోను ఖుత్బా ఇచ్చారు. మహ్‌మూదియా గ్రంథాలయ బాధ్యత వహించి దానికి జాబితాలు తయారు చేశారు. వేయికి పైగా హదీసు 'ఇమ్లా' సభలు జరిపారు. సహాబాల జీవిత కోశమైన 'అల్ ఇసాబా' హి. 809లోనే మొదలై ప్రక్కనే నడుస్తోంది. వీటిపైన హి. 827లో షాఫయీ ప్రధాన ఖాజీ పదవి వచ్చిపడింది. ఎన్నో సార్లు తప్పించుకున్న తరువాత అంగీకరించారు. అంగీకరించినందుకు తరువాత పశ్చాత్తాపపడ్డారు. ఆ సంవత్సరమే తొలగింపు. మరుసటి సంవత్సరం మళ్ళీ నియామకం. మళ్ళీ తొలగింపు, మళ్ళీ నియామకం. ఇలా పోతూ వస్తూ మొత్తం ఇరవై ఒక్క సంవత్సరాలకు పైగా ఆ పదవిలో ఉన్నారు. మమ్లూక్ సుల్తానుల కాలంలో ఆ పీఠం ఎంతటి తలనొప్పో వేరే చెప్పనక్కర లేదు. ఎవరి దావా తీర్చినా ఎదుటివాడు శత్రువవుతాడు. దర్బారులో మాటకు దర్బారులోనే విరుగుడు ఉంటుంది. ఈ విషయంలో ఆయనను పూర్తిగా సమర్థించటం కష్టం. పదవి వదులుకునే అవకాశం ఒకటికి నాలుగుసార్లు వచ్చినా మళ్ళీ స్వీకరించారు. గ్రంథానికి దక్కవలసిన కాలంలో ఒక భాగం ఆ పీఠం తినివేసింది.

అయితే ఆ సంవత్సరాలలో ఆయన ఇంట జరిగినదానితో పోలిస్తే పదవి కష్టాలు కష్టాలే కావు.

ఆయన భార్య ఉన్స్ ఖాతూన్‌ను హి. 798లో వివాహమాడారు. ఆమె స్వయంగా హదీసు విదుషీమణి. భర్త జీవించి ఉండగానే ఆమె వద్ద విద్యార్థులు హదీసు చదివేవారు. 'సహీహ్ బుఖారీ' పఠనం ముగిసిన రోజున ఆమె మిఠాయిలు, పండ్లు పంచేవారు. వారికి అయిదుగురు కుమార్తెలు. హి. 819లో, అంటే వ్యాఖ్యానం ఆరంభమైన రెండేళ్ళకు, కైరోలో ప్లేగు వచ్చింది. ఇద్దరు కుమార్తెలు పోయారు. హి. 828లో మరో కుమార్తె ఫర్‌హా, హజ్ చేసి తిరిగి వచ్చిన తరువాత మరణించింది. హి. 832లో రాబియా. హి. 833లో మళ్ళీ ప్లేగు. ఈసారి పెద్ద కుమార్తె జైన్ ఖాతూన్, గర్భవతిగా ఉండగా. పధ్నాలుగేళ్ళలో అయిదుగురూ వెళ్ళిపోయారు. ఆ పధ్నాలుగేళ్ళూ 'ఫత్‌హుల్ బారీ' రచనా కాలం నడుమనే పడ్డాయి.

ఆయన దుఃఖాన్ని గురించి పెద్దగా వ్రాసుకోలేదు. కాని ఆ దుఃఖం ఎక్కడికి పోయిందో చెప్పే గ్రంథం ఒకటి ఉంది. మొదటి ప్లేగులో ఇద్దరు బిడ్డలు పోయిన హి. 819లోనే ప్లేగు విషయమైన హదీసులను, వాటి ధర్మనిర్ణయాలను కూర్చటం ప్రారంభించారు. అది కొంత వ్రాసి వదిలివేశారు. పధ్నాలుగేళ్ళ తర్వాత, పెద్ద కుమార్తె కూడా పోయిన హి. 833లో, ఆ పాత కాగితాలను బయటికి తీసి పూర్తి చేశారు. అదే 'బజ్లుల్ మాఊన్'. అందులో ఆ సంవత్సరపు సంగతి ఒకటి ఉంది. ప్లేగు తొలగాలని నగర ప్రజలు మూడు రోజులు ఉపవాసముండి ఎడారిలోకి పోయి సామూహికంగా ప్రార్థించారు. అప్పటికి రోజుకు నలభైమంది లోపు మరణిస్తున్నారు. ఆ సమావేశం జరిగాక నెల తిరగకుండానే రోజుకు వేయి దాటింది. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఈ లెక్క వ్రాసి, ఇటువంటి సమావేశానికి ధర్మంలో ఆధారం లేదని కూడా వ్రాశారు. ఆవేశం లేదు, విలాపం లేదు. హదీసు ఉల్లేఖకుని నిలకడ ఎటువంటిదో, ఆ నిలకడ వెనుక ఎంత భారం ఉందో ఈ నాలుగు మాటలలో తెలుస్తుంది.

అదే 833వ సంవత్సరం. సఫర్ నెలలో ఖాజీ పదవి నుండి తొలగింపు. దానికి ముందు ముహర్రంలో హెరాత్ నుండి తైమూర్ కుమారుడు షారుఖ్ పంపిన లేఖ సుల్తాన్ బర్స్‌బాయ్‌కి చేరింది. కోరిన వాటిలో ఇబ్నె హజర్ వ్రాస్తున్న బుఖారీ వ్యాఖ్యానం ఒకటి. గ్రంథం ఇంకా పూర్తి కాలేదు. మొదటి మూడు సంపుటాలు మాత్రం సిద్ధం చేసి ఇచ్చారు. హి. 839లో షారుఖ్ మళ్ళీ అడిగాడు. పూర్తి ప్రతి పంపటం సుల్తాన్ జఖ్‌మఖ్ కాలంలో గాని కుదరలేదు. పేరు దేశదేశాలకు పోయింది, గ్రంథం సగంలో ఉంది, ఇల్లు శూన్యమయింది. వారంలో సరిచూపు రోజు మాత్రం వస్తూనే ఉంది.

దాదాపు ఇదే కాలంలో మన దక్కనుకు కూడా ఒక బుఖారీ వ్యాఖ్యాత వచ్చారు. అలెగ్జాండ్రియా వాస్తవ్యుడు బద్రుద్దీన్ దమామీనీ వ్యాకరణ పండితుడు. నేత పరిశ్రమలో పెట్టుబడి పెట్టి, ఇల్లు కాలిపోయి, అప్పులవాళ్ళ బాధకు ఊరు విడిచారు. హి. 820లో గుజరాత్ చేరారు. తమ 'మసాబీహుల్ జామె'ను అక్కడి సుల్తాన్ అహ్మద్ షాకు అంకితమిచ్చారు. అక్కడినుండి బహ్మనీ రాజధాని గుల్బర్గా వచ్చి హి. 827లో అక్కడే కన్నుమూశారు. ఆయన వ్యాఖ్యానం చిన్నది, ప్రధానంగా భాషకు సంబంధించినది. దానికి ఆయన పరిమితి ఆయనకు తెలుసు.

842

హి. 842 రజబ్ నెల మొదటి రోజున ఇబ్నె హజర్ చివరి వాక్యం వ్రాశారు. షాబాన్ 8వ తేదీ శనివారం (క్రీ.శ. 1439 జనవరి) కైరో వెలుపల 'అత్తాజ్ వస్సబ్అ వుజూహ్' అనే విహారస్థలంలో విందు చేశారు. చివరి భాగం అక్కడ చదివారు. ఖాయాతీ, వనాయీ, సాదుద్దీన్ దైరీ వంటి విద్వాంసులు, అధికారులు, సామాన్య ప్రజలు వచ్చారు. కవులు ప్రశంసలు చదివారు. ఖర్చు దాదాపు అయిదు వందల దీనారులయిందని శిష్యుడు సఖావీ నమోదు చేశారు. ఒక ప్రతి మూడు వందల దీనారులకు అమ్ముడయిందని కూడా ఆయనే చెప్పారు. ఇబ్నె ఖల్దూన్ చెప్పిన ఋణం తీరిందని తరువాతి వారు అన్నారు. కొందరు ఐనీ గారికి కూడా అందులో వాటా ఇచ్చారు. అది న్యాయమే. ఐనీ గారు కూడా తమ వ్యాఖ్యానాన్ని వదలిపెట్టలేదు. హి. 847లో, ఎనభై అయిదేళ్ళ వయస్సులో, పూర్తి చేశారు. విందు జరిగిన ఆ తోటలో ఆయిదుగురు కుమార్తెలలో ఒక్కరూ లేరు. ఉన్స్ ఖాతూన్ మాత్రం ఆ తరువాత కూడా చాలా కాలం జీవించి హి. 867లో మరణించారు.

ఇబ్నె హజర్ గారికి తమ రచనలలో ఎక్కువ వాటిపట్ల తృప్తి లేదు. వయస్సులో వ్రాసినవని, సరిచూసేవారు దొరకలేదని అనేవారు. బుఖారీ వ్యాఖ్యానాన్ని, దాని పీఠికను, 'తహ్‌జీబ్', 'లిసానుల్ మీజాన్', 'ముష్తబిహ్'లను మాత్రం మినహాయించేవారు. వీటిలో 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్'ను పన్నెండు సంపుటాలలో (హి. 1325-27), ఆ వెనుక 'లిసానుల్ మీజాన్'ను ముద్రించింది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపించబడిన ఆ సంస్థ ఆయన చరిత్ర గ్రంథం 'ఇన్‌బావుల్ గుమ్ర్'ను కూడా 1967-76 మధ్య తొమ్మిది భాగాలుగా వెలువరించింది. షారుఖ్ లేఖను గురించి ఇబ్నె హజర్ స్వయంగా వ్రాసుకున్నది ఈ గ్రంథంలోనే. 'ఫత్‌హుల్ బారీ' మాత్రం భోపాల్ నవాబు సిద్దీఖ్ హసన్ ఖాన్ ఆర్థిక సహాయంతో కైరోలోని బూలాఖ్ ముద్రణాలయంలో హి. 1300-1301లో అచ్చయింది.

విందు అయిన తరువాత కూడా ఆయన ఆ గ్రంథాన్ని మూసిపెట్టలేదు. మరణానికి కొద్దికాలం ముందు వరకు దానిలో చేర్పులు చేస్తూనే ఉన్నారు. మరోవైపు, తమ వ్యాఖ్యానంపై ఐనీ గారు చేసిన ఆక్షేపణలకు సమాధానంగా 'ఇంతిఖాజుల్ ఇతిరాజ్' అనే గ్రంథం మొదలుపెట్టారు. ఆక్షేపణలను ఒక్కొక్కటిగా ఎత్తి వ్రాశారు. వాటిలో చాలావాటి క్రింద సమాధానం లేదు. ముందుగా ఆక్షేపణలు వ్రాసుకుని, జవాబుల కోసం చోటు వదలి ఉంటారని తరువాతి వ్యాఖ్యాతల ఊహ. హి. 852 జిల్‌హజ్జ్ నెలలో ఆయన మరణించారు. ఆ ఖాళీలు అలాగే ఉన్నాయి.